కత్తెరలు, క్రేయాన్లు, ఒక ర్యాంపు: మా తరగతి ప్రాజెక్టు డైరీ

పని మొదలుపెట్టే ముందు

ఆరేడేళ్ల పిల్లల తరగతి నాది. ఈ టర్ములో చేసే ప్రాజెక్టుకు నా నోటుపుస్తకంలో "తేడాలు" అని పేరు పెట్టుకున్నాను. పైకి పంపిన కాగితంలో మాత్రం "తరగతి గదిలో వైవిధ్యం" అని రాశాను, అక్కడ అలా రాస్తేనే సంతకం త్వరగా పడుతుంది. ఇలాంటి పని తలకెత్తుకునే ఇంకో టీచరుకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మామూలుగా ఈ పాఠం ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే. ఒక రోజు పెట్టుకుంటాం. పిల్లలకు రకరకాల వేషాలు వేయిస్తాం. భూగోళం చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డ బొమ్మల చార్టు గోడకు అంటిస్తాం. ఫొటోలు దిగుతాం. మర్నాడు మళ్లీ మామూలే. ఆ చార్టు మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే తేడా అంటే ఎక్కడో దూరాన ఉండే మనుషులు వేసుకునే బట్టలే అన్న అభిప్రాయం పిల్లలకు అక్కడే పడిపోతుంది. పక్క బెంచీలో కూర్చున్న తేడా మాత్రం ఆ చార్టులోకి రాదు.

నేను అనుకున్నది ఇది. తేడాలు పిల్లలు ఎలాగూ చూస్తారు, మనం చూపించక్కర్లేదు. ఏ తేడాకు ఎంత విలువ ఇవ్వాలో మాత్రం వాళ్లకు గది చెబుతుంది. పెట్టెలో ఏ రంగు క్రేయాన్ ఉంది, ఏ చేతికి సరిపడే కత్తెర ఉంది, లైను ఎలా కట్టిస్తున్నాం, ఎవరి పని ఎవరికి అప్పజెబుతున్నాం, ఇవన్నీ రోజంతా మాట్లాడుతూనే ఉంటాయి. అందుకే ఈ ప్రాజెక్టులో పాఠం తక్కువ, గదిని సరిచేసుకోవడం ఎక్కువ. ఆ సరిచేసే పని కూడా పిల్లల చేతే.

తల్లిదండ్రులతో మాట్లాడాను

అనుకున్న ప్రశ్నే ముందు వచ్చింది. "చిన్నపిల్లలకు ఇవన్నీ తెలియవు కదండీ, మనమే లేనిపోనివి నేర్పినట్టు కాదా?" అడిగినాయన మంచి ఉద్దేశంతోనే అడిగారు. చాలామంది తలలూపారు కూడా.

2005లో వచ్చిన ఒక పరిశోధన సంగతి చెప్పాను. అప్పుడే పుట్టిన పిల్లలకు రకరకాల జాతుల మనుషుల ముఖాల ఫొటోలు చూపిస్తే, ఏ ముఖాన్నీ ప్రత్యేకంగా చూడలేదు. మూడు నెలల పిల్లలు మాత్రం తమ చుట్టూ ఉండే వాళ్లలాంటి ముఖాలనే ఎక్కువసేపు చూశారు. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో, రెండు రకాల మనుషుల మధ్యా పెరుగుతున్న పసివాళ్లలో ఆ మొగ్గు కనబడలేదు. అంటే మూడు నెలలకే కళ్లు లెక్కలు వేసుకోవడం మొదలుపెడతాయి. ఇక ఆరేళ్ల పిల్లకు తెలియదనుకోవడం మన ధైర్యం కోసమే. అయితే ఎక్కువసేపు చూడడం వేరు, చులకనగా చూడడం వేరు అని కూడా చెప్పాను. మొదటిది కంటికి అలవాటైనదాన్ని బట్టి వస్తుంది. రెండోది పెద్దవాళ్లను చూసి నేర్చుకునేది.

ఒకావిడ అసలు కష్టం బయటపెట్టారు. "బయటికి తీసుకెళితే గట్టిగా అడిగేస్తుందండీ, ఆయన కుర్చీకి చక్రాలెందుకున్నాయని. నాకు తల కొట్టేసినట్టవుతుంది. నోరు మూసేస్తాను." సమావేశంలో సగం సమయం దీని మీదే గడిచింది, అది మంచిదే అయింది. పిల్ల అడిగింది నిజమైన ప్రశ్న. "నడవడం కష్టమైనవాళ్లు దాంట్లో తిరుగుతారు" అంటే ఒక్క వాక్యంలో అయిపోతుంది. "ష్, తప్పు" అన్నామంటే ఆ కుర్చీలో ఏదో చెడు ఉందని పిల్లకు అర్థమవుతుంది. పైగా ఆ మాట చక్రాల కుర్చీలో ఉన్నాయన చెవిన కూడా పడుతుంది. జవాబు తెలియకపోతే "ఇంటికెళ్లాక చూద్దాం" అని, నిజంగానే చూడాలి. పిల్లలు మనం మాట దాటేశామా లేదా అన్నది భలే పట్టేస్తారు.

రంగుల పని, సోమవారం

క్రేయాన్లతో మొదలుపెట్టాను. తమ బొమ్మ తాము గీయమంటే గది నాలుగు మూలల నుంచీ ఒకటే కేక, "ఒంటి రంగు నాకివ్వు!" అని. ఆ లేత గులాబీ క్రేయాన్ ఎవరి ఒంటికీ సరిపోదు. అయినా అందరూ దాని కోసమే కొట్టుకున్నారు.

ఈ అలవాటు ఈ పిల్లలతో పుట్టింది కాదు. అమెరికాలో క్రేయాన్లు తయారుచేసే క్రేయోలా కంపెనీ 1962 దాకా ఇలాంటి ఒక లేత రంగును చర్మం రంగు అనే అర్థం వచ్చే పేరుతోనే అమ్మింది. ఆ ఏడాది పేరు పీచ్‌గా మార్చారు. మనుషుల చర్మపు రంగులు 24 ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం 2020లో గానీ మొదలుకాలేదు.

పెట్టె కొనిపెట్టేయొచ్చు. కానీ కలపడంలో ఉన్న ఆట కొనుక్కున్న పెట్టెలో ఉండదు. అందుకే పోస్టర్ రంగులు తీశాను. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, అంతే. నలుపు డబ్బా కావాలనే బీరువాలో ఉంచేశాను, అది దొరికితే పిల్లలు మొదటి చుక్కకే గిన్నె మొత్తం బురద చేస్తారు. ముందు ఎరుపు, పసుపు కలిపి నారింజ చేయించాను. దాంట్లో నీలం చుక్కచుక్కగా వేస్తూ పోతే గోధుమరంగు వస్తుంది. అక్కడి నుంచి ఎవరి దారి వాళ్లది. తెలుపు ఎక్కువైతే బూడిదలా పాలిపోతుంది, అప్పుడు కాస్త పసుపు పడాలి. కిటికీ పక్కన కూర్చునే అబ్బాయి తన మోచేతిని గిన్నె పక్కన ఆనించి పెట్టుకుని, ఒక్కో చుక్క వేసి, వేలితో కాస్త రంగు తీసి చేతి మీద పూసి, అది కనబడకుండా కలిసిపోయేదాకా వదల్లేదు. కలిసిపోయాక "ఎక్కడ పూశానో చెప్పండి టీచర్" అని నన్ను వెతకమన్నాడు. నిజంగానే కనబడలేదు. తర్వాత తనంతట తానే అరచేయి తిప్పి చూసుకుని, దానికి వేరే గిన్నె కావాలన్నాడు.

ఆ అరచేయి పాఠాన్ని ముందుకు నడిపింది. ఒకే మనిషిలో రెండు రంగులు ఎందుకున్నాయి? చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసే కణాలుంటాయి. ఆ కణాల సంఖ్య మనుషులందరిలో ఇంచుమించు ఒకటే. అవి ఎంత మెలనిన్ తయారుచేస్తాయి, ఏ రకంది చేస్తాయి అన్నదాంట్లోనే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడడం దాని పని. అరచేతుల్లో తక్కువగా ఉంటుంది. ఆరేళ్ల పిల్లలకు ఇంతకంటే అక్కర్లేదు, ఇంతకు తగ్గించక్కర్లేదు కూడా.

గొడవ వచ్చింది గిన్నెలు వరసగా పెట్టినప్పుడు. "నాది ఫస్టు, నాది అందరికన్నా తెల్లగా ఉంది" అని ఒకడు. చివర్న పడిన గిన్నె తాలూకు పిల్ల చేతులు వెనక్కి పెట్టేసుకుంది. నీతి చెప్పకుండా వరస తీసేశాను. గిన్నెలన్నిటినీ గుండ్రంగా పెట్టించి, ప్రతి ఒక్కరినీ తమ రంగు ఎలా చేశారో కాగితం మీద రాయమన్నాను. ఎరుపు ఇన్ని చుక్కలు, నీలం ఇన్ని. తర్వాత కాగితాలు మార్చుకుని, ఒకరి లెక్క ప్రకారం ఇంకొకరు రంగు తయారుచేశారు. చేతులు దాచుకున్న పిల్ల లెక్కే అన్నిటికన్నా పొడుగు. అది కలపడానికి ముగ్గురు పోటీపడ్డారు. చివరికి రంగులకు పేర్లు పెట్టుకున్నారు. తడి మట్టి, పెన్సిల్ చెక్క, గుర్రం, ఎండుటాకు. ఒకడు తనదానికి "సూపర్ ఫాస్ట్" అని పెట్టాడు. ఉండనిచ్చాను.

సాయంత్రం ఆటబొమ్మల పెట్టె బోర్లించి చూశాను. 1940ల్లో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే అమెరికన్ దంపతులు ఒక్క రంగులో తప్ప ఇంకెందులోనూ తేడా లేని బొమ్మలు చిన్నపిల్లల ముందు పెట్టి, ఏది మంచి బొమ్మ, ఏది చెడ్డ బొమ్మ అని అడిగారు. నల్లజాతి పిల్లల్లో కూడా ఎక్కువమంది తెల్ల బొమ్మనే మంచిదన్నారు. 1954లో బడుల్లో జాతివారీ విభజన చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు ఈ పరిశోధననూ ప్రస్తావించింది. మా పెట్టెలో ఉన్న మనిషి బొమ్మలన్నీ ఒక్క రంగువే. బడ్జెట్టులో ఇది మొదటి పద్దు.

లైను ఎలా కట్టాలి

"అబ్బాయిలు ఇటు, అమ్మాయిలు అటు." రోజుకు ఎన్నిసార్లు అంటామో మనకే తెలియదు. దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 1997లో రెబెకా బిగ్లర్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలి బృందం వేసవి బడికి వచ్చిన పిల్లలకు పసుపు, నీలం టీషర్టులు ఇచ్చింది. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల గురించి మాట్లాడలేదు. కొన్నిటిలో మాత్రం "నీలం వాళ్లు లైను కట్టండి", "పసుపు వాళ్లు కూర్చోండి" అంటూ రోజూ వాడుకున్నారు. ఏ రంగునూ పొగడలేదు, తిట్టలేదు. అయినా ఈ రెండో రకం తరగతుల్లో పిల్లలకు తమ రంగు వాళ్లే మంచివాళ్లన్న అభిప్రాయం పెరిగింది. మొదటి రకం తరగతుల్లో పెరగలేదు. టీషర్టు తేడా రెండు చోట్లా ఉంది. దాన్ని పనికొచ్చే తేడాగా చేసింది పెద్దవాళ్లే.

కాబట్టి లైను కట్టే పద్ధతి రోజూ మారుతోంది. పుట్టిన నెల, బూట్లకు లేసులున్నవాళ్లు లేనివాళ్లు, ఇంట్లో పిల్లి కావాలనుకునేవాళ్లు వద్దనుకునేవాళ్లు. ఒకే పిల్ల రోజుకో గుంపులో ఉంటుంది. సర్దడానికి టైము కాస్త ఎక్కువ పడుతుంది, గోల కూడా ఎక్కువే. పక్క గది నుంచి ఫిర్యాదు వచ్చింది, లైను హాలు చివరికి మార్చుకున్నాం.

సహోద్యోగి ఒకరు జేన్ ఇలియట్ అనే అమెరికన్ టీచరు చేసిన ప్రయోగం చేద్దామన్నారు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో ఆమె తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండుగా చేసి, ఒక గుంపును గొప్పగా, ఇంకో గుంపును తక్కువగా చూసింది. తర్వాత తారుమారు చేసింది. గంటల్లోనే పిల్లలు ఒకరినొకరు చులకన చేయడం మొదలుపెట్టారు. ఆమె ధైర్యం సంగతి ఎవరూ కాదనరు. కానీ ఆరేళ్ల పిల్లలతో నేనది చేయను. తను నమ్మిన టీచరే కావాలని అవమానించిందన్న సంగతి పిల్ల మనసులో ఉండిపోతుంది, వెనక ఉన్న ఉద్దేశం ఉండకపోవచ్చు. పైగా రోజూ నిజంగానే అవమానాలు పడుతున్న పిల్ల తరగతిలో ఉంటే, ఆ పిల్లకు ఇది నేర్పేదేముంది? ఆయన ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. ఆ విషయం అక్కడే ఉంది.

మాట్లాడే తీరులో ఒక మార్పు పెట్టుకున్నాను, ఇది అన్నిటికన్నా కష్టంగా ఉంది. 2012లో ఒక పరిశోధనలో నాలుగేళ్ల పిల్లలకు ఒక కల్పిత జాతి బొమ్మలు చూపించి, కొందరికి "ఈ జాతివాళ్లు ఇలా చేస్తారు" అన్నట్టు, కొందరికి "ఇతను ఇలా చేస్తున్నాడు" అన్నట్టు చెప్పారు. మొదటి రకంగా విన్న పిల్లలు ఆ జాతివాళ్లందరూ పుట్టుకతోనే అంత అనే ఆలోచనకు దగ్గరయ్యారు. ఇందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. "అమ్మాయిలు నీట్‌గా రాస్తారు" అన్న మెచ్చుకోలు కూడా ఈ కోవలోదే. కాబట్టి "నువ్వు నీట్‌గా రాశావు" దగ్గరే ఆగాలి. నోరు జారినప్పుడల్లా పట్టుకునే డ్యూటీ పిల్లలకే ఇచ్చాను. ఆ పని వాళ్లు శ్రద్ధగా చేస్తారని వేరే చెప్పాలా?

కత్తెరలు

ప్రపంచంలో దాదాపు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. మా తరగతిలోనూ ఉన్నారు. కత్తెర పని వచ్చినప్పుడల్లా ఒక పిల్ల కాగితం అంచులు ఎలుక కొరికినట్టు వస్తాయి. నిదానంగా కత్తిరించమని ఇంతకుముందు అందరూ చెప్పినట్టున్నారు. నిదానంతో ఏమీ కాదు. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో నొక్కితే వేళ్ల ఒత్తిడికి బ్లేడులు ఒకదానికొకటి ఆనుకోకుండా విడిపోతాయి. కాగితం తెగదు, మధ్యలో ఇరుక్కుని మడతపడుతుంది. పైగా పై బ్లేడు అడ్డొచ్చి, గీసుకున్న గీత కనబడదు.

ఎడమచేతి కత్తెరలు తెప్పించాను. కొనేవాళ్లకు ఒక మాట. "రెండు చేతులకూ" అని అట్ట మీద రాసినవాటిలో చాలావాటికి పిడి మాత్రమే రెండువైపులా ఒకేలా ఉంటుంది, బ్లేడుల అమరిక కుడిచేతిదే. పైన ఉండే బ్లేడు ఏ వైపుందో చూసి కొనాలి. ఎడమచేతి కత్తెరలైతే అది ఎడమవైపు ఉంటుంది.

పాఠం అని చెప్పకుండా, ఆ కత్తెరలు ముందు కుడిచేతి పిల్లలకే ఇచ్చాను. ఒక చుట్ట గీసి కత్తిరించమన్నాను. రెండు నిమిషాల్లో గదిలో ఫిర్యాదులే ఫిర్యాదులు. "ఇది పాడైపోయింది టీచర్." "మొద్దుగా ఉంది." ఎవరూ తమ చేయి మంచిది కాదనలేదు, అందరూ కత్తెరనే అన్నారు. అప్పుడు అదే కత్తెర ఆ పిల్లకిచ్చాను. నాలుక ఒక పక్కకు బయటపెట్టి, కాగితం తిప్పుకుంటూ, చుట్ట మొత్తం ఒక్క చోట కూడా తెగకుండా కత్తిరించింది. పట్టుకుని పైకెత్తితే స్ప్రింగులా వేలాడింది. ఇవి ఇంటికి తీసుకెళ్లొచ్చా అని అడిగింది.

చిన్ని, చిన్ని కుర్చీ

చిన్ని గుడ్డబొమ్మ. తరగతిలో ఒక పిల్లలాగే దానికో కథ ఉంటుంది, ఆ కథ మారదు. దీన్ని పర్సోనా బొమ్మల పద్ధతి అంటారు. చిన్నికి ఏడేళ్లు. ముందు పన్ను ఊడింది. చీకటంటే భయం. లెక్కలు ఇష్టం, పాటలంటే సిగ్గు. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఈ ఆఖరి సంగతి ముందే కనబడుతూ ఉన్నా, చాలా రోజులు మా మాటలన్నీ పన్ను గురించి, చీకటి గురించే. కావాలనే అలా చేశాను. పిల్లలకు ముందు స్నేహం కుదరాలి, కుర్చీ సంగతి తర్వాత వస్తుంది. మొదటిరోజే కుర్చీ గురించి మాట్లాడితే చిన్ని ఇక ఎప్పటికీ కుర్చీయే అవుతుంది.

కళ్లకు గంతలు కట్టి నడిపించడం, కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి తిప్పడం లాంటివి నేను పెట్టుకోలేదు. పది నిమిషాల గంతలతో పిల్లలకు అర్థమయ్యేది కంగారు మాత్రమే. ఏళ్ల తరబడి ఆ శరీరంతో బతికే మనిషికి ఉండే నేర్పు అందులో కనబడదు, చివరికి జాలి మిగులుతుంది.

ఒక ఉదయం చిన్నిని గుమ్మం బయట ఉంచి లోపలికి వచ్చేశాను. "చిన్ని ఎందుకు రాలేదు?" గుమ్మానికి ఒక మెట్టుంది. ఎత్తుకొద్దామన్నారు. సరే, రోజూ ఎవరు ఎత్తుతారు? చిన్నికి ఎత్తించుకోవడం ఇష్టమేనా? ఇక్కడ చర్చ వేడెక్కింది. "నన్నెవరైనా అలా ఎత్తితే తంతాను" అన్నాడొకడు. అందరికన్నా బరువైన పిల్లాడు వాడే, బాగా ఆలోచించే అన్నట్టున్నాడు.

చెక్క దిమ్మెలు తీశాం. ఒక దిమ్మె ఎత్తున చిన్న గట్టు కట్టి, దానికి అట్ట వాలుగా పెట్టారు. మొదట మూడు దిమ్మెల పొడవు అట్ట. చిన్ని కుర్చీని తోస్తే ముందు చక్రాలు లేచి చిన్ని వెల్లకిలా పడింది. గదంతా నవ్వులు. రబ్బరు బ్యాండుతో కట్టి మళ్లీ తోశారు, మళ్లీ పడింది. ఆరు దిమ్మెల పొడవుకు ఎక్కింది గానీ, చేయి వదిలితే జర్రున వెనక్కి వచ్చి గోడకు కొట్టుకుంది. అప్పుడు పెద్దవాళ్ల లెక్క చెప్పాను. చాలాచోట్ల ర్యాంపులకు పాటించే కొలత ఒకటికి పన్నెండు. ఎత్తు ఒకటైతే పొడవు పన్నెండు. పన్నెండు దిమ్మెల అట్ట పెట్టాక, ఒక పిల్ల చిటికెనవేలితో తోసి చూపించింది. మధ్యలో ఆపినా కుర్చీ జర్రున జారిపోలేదు.

ఇక అసలు మెట్టు. స్కేలు పెట్టి కొలిచారు, 9 సెంటీమీటర్లు. పన్నెండు తొమ్మిదులు వాళ్లకింకా నోటికి రావు. 9 సెంటీమీటర్ల దారం ముక్కలు పన్నెండు కత్తిరించి నేల మీద వరసగా పరిచారు, 108 వచ్చింది. సుద్దముక్కతో గీత గీశారు. గీత సరిగ్గా బ్యాగుల రాక్ కిందికి వెళ్లింది. రాక్ ఎక్కడికి జరపాలన్నది తేలడానికి ర్యాంపు లెక్క కన్నా ఎక్కువ సమయం పట్టింది. కిటికీ దగ్గర వద్దని కొందరు, అక్కడ కూర్చునే అబ్బాయి అసలే వద్దని. గుమ్మం వెడల్పు కూడా చూశారు, 90 ఉంది, పెద్దవాళ్ల కుర్చీకీ చాలు.

చెక్క పలక కోసం అర్జీ పెట్టాం, పిల్లల చేతిరాతతోనే. "చిన్ని కోసం" అని మొదలైంది. మధ్యలో ఒక పిల్ల లేచి, నీళ్ల డబ్బాల బండి కూడా మెట్టు దగ్గర ఎత్తాల్సి వస్తోందని, చిన్నప్పుడు తమ్ముణ్ని తోపుడు బండిలో తెచ్చినప్పుడు అమ్మ కూడా ఇక్కడే ఆగిపోయిందని చెప్పింది. కాలికి పిండికట్టుతో వచ్చిన ఒక పాత క్లాస్‌మేట్ గుర్తొచ్చాడు ఇంకొకడికి. అర్జీలో ఆ వాక్యాలూ చేరాయి. అనుమతి వచ్చింది, పలక ఇంకా రాలేదు.

చుక్కల పేర్లు

చిన్న పనే గానీ బాగా కుదిరింది. చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివే బ్రెయిలీ లిపిలో ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల చోటు, రెండు నిలువు వరసల్లో మూడేసి. ఏ చుక్క ఉబ్బి ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టి 63 గుర్తులు వస్తాయి. లూయీ బ్రెయిలీ 1824 నాటికి ఈ పద్ధతికి రూపం ఇచ్చేసరికి అతనికి పదిహేనేళ్లే. ఈ మాట విన్నాక పెద్దన్నలున్న పిల్లలు కాస్త అనుమానంగా చూశారు.

గట్టి అట్ట మీద చిక్కటి జిగురు చుక్కలు వేసి, రాత్రంతా ఆరనిచ్చి, తమ పేర్లు తయారుచేసుకున్నారు. మొదట్లో అందరూ పెద్ద పెద్ద చుక్కలు పెట్టారు. కంటికి బాగుంటాయి గానీ అక్షరం మొత్తం వేలికొన కిందికి రాదు. అసలు బ్రెయిలీ చుక్కలు ఎంత చిన్నవో చూపించాక, అక్షరం వేలికొనలో ఇమడాలని వాళ్లే తేల్చారు. రెండోసారి సన్నగా చేశారు. ఇప్పుడు బ్యాగుల రాక్ మీద ప్రతి పేరూ రెండు రకాలుగా ఉంది.

ఇళ్లు

పాత వర్క్‌షీటులో ఒక చెట్టు ఉండేది, అమ్మకో గడి, నాన్నకో గడి. దాన్ని పక్కన పడేసి, పైకప్పు మాత్రమే గీసిన ఖాళీ కాగితం ఇచ్చాను. నీతోపాటు ఎవరెవరుంటారో గియ్యి. అమ్మమ్మతో మాత్రమే ఉండే పిల్ల, పదకొండుమందిని ఇరికించిన పిల్లాడు, కుక్కను అందరికన్నా పెద్దగా గీసినవాడు. ఒకడు రెండో కాగితం అడిగి తీసుకుని, రెండు కప్పులు గీసి, తన బొమ్మ రెంటిలోనూ పెట్టి, మధ్యలో రోడ్డు వేశాడు. రోడ్డు మీద బస్సు నంబరు కూడా రాశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ బస్సు తనకూ తెలుసని మాత్రం పక్కవాడన్నాడు.

ఇంట్లో మాట్లాడే భాషల దగ్గర ఒక నియమం పెట్టాను. ఎవరినీ లేపి "మీ భాషలో ఏమంటారు" అని అడగకూడదు. చెప్పాలనిపించినవాళ్లే చెబుతారు, "పాస్" అనే హక్కు అందరికీ ఉంది. ప్రపంచంలో దాదాపు 7000 భాషలున్నాయంటే నమ్మలేదు. సంజ్ఞా భాషలు కూడా 300 పైనే ఉన్నాయంటే ఇంకా నమ్మలేదు. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడించడం నేర్చుకున్నారు. పక్క గది టీచరు ఇందుకు చాలా సంతోషించారు.

ముక్కల పని

కలిసి కూర్చోబెట్టినంత మాత్రాన స్నేహం కుదరదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, వేర్వేరు జాతుల పిల్లలను ఒకే బడిలో చేర్చిన కొత్తలో గొడవలు జరుగుతుంటే, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం ఒక పద్ధతి తెచ్చింది. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. పక్కవాడు చెబితే గానీ పాఠం పూర్తికాదు. అది పెద్ద క్లాసుల పిల్లల కోసం. మా పిల్లలకు చదవడం ఇంకా కుదురుకోలేదు కాబట్టి బొమ్మలతో చేశాను. విత్తనం మొలకెత్తే క్రమం నాలుగు బొమ్మలు, నలుగురికి ఒక్కొక్కటి. బొమ్మ చూపించకూడదు, మాటల్లో చెప్పాలి. విన్నవాళ్లు క్రమం పేర్చాలి.

ఒక గుంపులో నత్తి ఉన్న అబ్బాయి వంతు వచ్చింది. మిగతా ముగ్గురూ మొదట అతని మాట తామే పూర్తి చేయబోయారు, అదీ తప్పుగా. క్రమం కలవలేదు. రెండోసారి నోరు మూసుకుని విన్నారు, వేరు ముందా ఆకు ముందా అన్నది అతని దగ్గరే ఉంది మరి. అన్ని గుంపులూ ఇలా కుదరలేదు. ఒక చోట గట్టిగా మాట్లాడే పిల్ల నాలుగు బొమ్మలూ లాక్కుని తనే పేర్చేసింది, సరిగ్గానే పేర్చింది కూడా. ఆ పిల్లను ఏం చేయాలన్నది నాకింకా తేలలేదు. గుంపు మార్చడమా, చెప్పేవంతు ఆఖరున ఇవ్వడమా చూడాలి.

ఇప్పటికి

కొత్త బొమ్మలు వచ్చాయి. ఎడమచేతి కత్తెరలకు వేరే డబ్బా పెట్టకుండా అన్నిటితోపాటే ఉంచి, పిడికి ఆకుపచ్చ టేపు చుట్టాను. "ఒంటి రంగు" అనే కేక పూర్తిగా పోలేదు గానీ, "ఎవరి ఒంటి రంగు?" అని వెంటనే ఇంకో కేక వస్తోంది. లైను గోల అలాగే ఉంది.

ర్యాంపు లెక్క తర్వాత కొలతల పిచ్చి పట్టింది వీళ్లకు. స్విచ్‌లు, గొళ్లెం, పుస్తకాల అర, అన్నీ చిన్ని కుర్చీలో కూర్చుంటే అందుతాయా అని కొలుస్తున్నారు. చేతులు కడిగే కుళాయి 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉందట. చిన్ని సంగతి తర్వాత, మన క్లాసులోనే ముగ్గురికి అందడం లేదని, ఇన్నాళ్లూ వాళ్లు ఒకరినొకరు ఎత్తుకుని కడుక్కుంటున్నారని కొలిచిన గుంపు వచ్చి చెప్పింది. వచ్చే వారం పీట చేయించాలి. కొలతలు రేపు తీస్తామన్నారు.